ఈమ్: ప్లేగు ఊళ్ళో రెండు రోజులు

ఈమ్ అనేది ఇంగ్లండ్‌లో ఒక పల్లెటూరు. ఇంగ్లిష్ అక్షరాలు చూసి ‘ఎయామ్’ అని చదివితే అక్కడ ఎవరికీ అర్థం కాదు. గ్రిండిల్‌ఫోర్డ్ స్టేషన్ నుంచి టాక్సీకి ఫోన్ చేసి మూడుసార్లు అలాగే చెప్పాను, నాలుగోసారి అవతలాయన నవ్వి “ఓ, ఈమ్!” అన్నాడు. నిజానికి ఆ మూడు మైళ్ళూ నడుద్దామనుకున్నాం గానీ దారంతా ఎక్కుడే, అమ్మ మోకాళ్ళు ఒప్పుకోలేదు. మాంచెస్టర్ నుంచి షెఫీల్డ్ వెళ్ళే లైన్లో ఈ ప్రయాణం మాత్రం బాగుంటుంది, రెండువైపులా డార్బీషైర్ కొండలు.

ఊరు చిన్నది. రాతి ఇళ్ళు, చర్చి, ఒకప్పుడు తప్పు చేసినవాళ్ళ కాళ్ళు బిగించిన బొండకొయ్య, ఒక పబ్బు. అందమైన పల్లెటూరే, అయితే ఇళ్ళ ముందున్న ఆకుపచ్చ బోర్డులు చదవడం మొదలుపెట్టాక కాసేపటికి ఎవరం ఏమీ మాట్లాడుకోలేదు. ఈ ఇంట్లో ఫలానావాళ్ళు ఫలానా తేదీన పోయారు, అంతే, పేర్ల వరస.

1665లో లండన్ నుంచి ఇక్కడి దర్జీకి ఒక గుడ్డల మూట వచ్చిందట. తడిసిందని దాన్ని నిప్పు దగ్గర ఆరబెట్టిన పనివాడు జార్జ్ వికర్స్ సెప్టెంబరు 7న చనిపోయాడు. మూటలో దాగిన పురుగులే ప్లేగు తెచ్చాయని చెబుతారు. తర్వాతి ఏడాది జూన్‌లో పాస్టరు విలియం మాంపెసన్, ఆయనకి ముందు పాస్టరుగా ఉండి పదవి పోగొట్టుకున్న థామస్ స్టాన్లీ, అంతవరకూ పడని ఈ ఇద్దరూ కలిసి ఊరివాళ్ళని ఒప్పించారు: పొలిమేర దాటి ఎవరూ వెళ్ళొద్దు, చచ్చినా ఇక్కడే. 14 నెలల్లో 76 కుటుంబాల నుంచి దాదాపు 260 మంది పోయారు. ఊళ్ళో 350 మందే ఉండేవారని పాత పుస్తకాల లెక్క, ఇప్పుడైతే 700 పైనే ఉండొచ్చంటున్నారు. అలా చూసినా మూడో వంతు!

అందరూ దీన్ని గొప్ప త్యాగం అంటారు. నాకైతే అంత సూటిగా అనిపించలేదు. మాంపెసన్ తన పిల్లల్ని ముందే యార్క్‌షైర్ పంపేశాడు, డబ్బున్నవాళ్ళు కొందరు ముందే జారుకున్నారు. ఎక్కడికీ పోలేని మామూలు జనమే మిగిలారు. అలాగని ఆయన్ని తేలిగ్గా తీసేయలేం, ఆయన భార్య కేథరిన్ ఊళ్ళోనే ఉండిపోయి ఆగస్టులో చనిపోయింది. సమాధి చర్చి ఆవరణలోనే ఉంది, పక్కనే ఎనిమిదో శతాబ్దపు రాతి శిలువ కూడా చూడండి.

మ్యూజియం చిన్నదే అయినా వదలొద్దు, చలికాలంలో మూసేస్తారు కాబట్టి తెరిచే రోజులు ముందే చూసుకోండి. కానీ నన్నడిగితే సగం రోజు పొలాల్లో గడపాలి. స్టోనీ మిడిల్టన్ వైపు దిగే దారిలో పొలిమేర రాయి ఉంది, దాని మీద ఆరు గుంటలు. రోగం అంటదన్న నమ్మకంతో వాటిలో వెనిగర్ పోసి డబ్బులు వేసేవాళ్ళట, పక్క ఊరివాళ్ళు వచ్చి సరుకులు పెట్టి ఆ డబ్బు తీసుకుపోయేవాళ్ళు. అమ్మ రాయి చుట్టూ తిరిగి చూసి “మన పోలేరమ్మ కూడా పొలిమేరలోనే కదరా, రోగాన్ని ఊళ్ళోకి రానీకుండా. వీళ్ళు లోపలి రోగాన్ని బయటికి పోనీయలేదు” అంది. నాకు తట్టని మాట.

ఇంకోవైపు, ఊరికి అర మైలు దూరంలో రైలీ సమాధులు. ఎలిజబెత్ హాంకాక్ అనే ఆవిడ 1666 ఆగస్టులో ఎనిమిది రోజుల్లో భర్తనీ ఆరుగురు పిల్లల్నీ తనే గుంటలు తవ్వి పాతిపెట్టింది. ఆవిడకి రోగం రాలేదు. చుట్టూ గుండ్రంగా చిన్న రాతి గోడ, ఆ పక్క గొర్రెలు మేస్తున్నాయి. అక్కడ ఫోటో తీయబుద్ధి కాలేదు.

ఇక బస సంగతి. పేరు చెప్పను గానీ, కింది గది అని బుక్ చేస్తే నిచ్చెనలాంటి మెట్లెక్కే పైగది ఇచ్చారు. అమ్మని చూపించి అడిగాక మర్నాడు మార్చారు, సారీ కూడా చెప్పారు, కానీ మొదటి రాత్రి టెన్షన్ టెన్షనే. దూలాలు కిందికి ఉంటాయి, నా తల రెండుసార్లు తగిలింది. పొద్దున టిఫిన్ మాత్రం కడుపునిండా పెట్టారు. రాత్రి భోజనానికి ఎనిమిది దాటాక వెళ్తే వంటగది కట్టేశామన్నారు, చిప్స్ ప్యాకెట్లతో సరిపెట్టుకున్నాం. ఇలాంటి ఊళ్ళలో ఏడింటికే తినేయాలి.

రెండో రోజు దగ్గర్లోని చాట్స్‌వర్త్ అనే పెద్ద జమీందారీ భవనానికి వెళ్ళాం. ఈమ్ మూసుకున్నప్పుడు అక్కడి ప్రభువు డెవన్‌షైర్ ఎర్లే తిండి పంపించాడు. భవనం టికెట్టు మా ముగ్గురికీ బరువే అనిపించి, నది ఒడ్డున పచ్చికలో కూర్చుని జింకల్ని చూసి వచ్చేశాం. దానికి పైసా అక్కర్లేదు. ఆగస్టు చివరి ఆదివారం ఈమ్‌లో ప్లేగు ప్రార్థన జరుగుతుందట, దానికోసం మళ్ళీ వెళ్ళాలనుంది. కింది గది ముందే రాతపూర్వకంగా ఖాయం చేసుకుని మరీ.