‘చలికాలపు బురద నది బాస్ కిట్’ కొనబోయే వారికి జాగ్రత్త

డాలస్ పరిసరాల్లో గాలం వేసే తెలుగు మిత్రులకు ఒక హెచ్చరిక. చలికాలంలో బురద నీటి నదుల్లో లార్జ్‌మౌత్ బాస్ అనే పెద్ద నోటి చేపను పట్టడానికే ప్రత్యేకంగా కూర్చామని చెప్పి ఒక ఆన్‌లైన్ దుకాణం అమ్ముతున్న ఎరల కిట్‌ను డిసెంబరు చివర 74 డాలర్లు పోసి కొన్నాను. జనవరిలో మూడు శనివారాలు ట్రినిటీ నది ఒడ్డున దానితోనే గాలం వేసి, ఒక్క చేప కూడా పడకపోయేసరికి, లోపం నా చేతిలో ఉందా సరుకులో ఉందా అని ఇంటికి వచ్చి ఒక్కొక్క ఎరనూ పరీక్షించాను.

ఆ నెలలో ట్రినిటీ నుంచి ఉత్త చేతులతో రావడం ఎవరికైనా మామూలే కనుక, చేప పడలేదన్నది నా ఫిర్యాదు కాదు. నీరు 50 డిగ్రీల ఫారన్‌హీట్ కంటే, అంటే 10 డిగ్రీల సెల్సియస్ కంటే చల్లబడితే బాస్ ఒంట్లో జీవక్రియ మందగిస్తుంది. అది పడిపోయిన చెట్ల మాటునో, వంతెన స్తంభాల వెనుకనో, నీరు దాదాపు నిలిచిపోయిన చోట అడుగున చేరి, ఎరను వెంబడించడం మానేస్తుంది. బురదలో చూపు ఆనదు కాబట్టి ఒంటి పక్కనున్న పార్శ్వరేఖతో నీటి అదురును పసిగట్టి, ముక్కు దగ్గరకు వచ్చినదాన్ని మాత్రమే నోట పట్టుకుంటుంది. అందుచేత అక్కడ వాడే ఎర మెల్లగా లాగినా గట్టిగా అదరాలి; నలుపు నీలం కలిసిన ముదురు రంగులోనో, పసుపు కలిసిన చిలకపచ్చలోనో ఉండాలి.

నాకు వచ్చిన స్పిన్నర్‌బైట్లకు, అంటే లాగినప్పుడు లోహపు రేకు తిరుగుతూ నీటిని అదిరించే ఎరలకు, గుండ్రటి కొలరాడో రేకులకు బదులు, వేగంగా లాగితే తప్ప సరిగా తిరగని సన్నటి విల్లో రేకులు ఉన్నాయి. స్నానపు తొట్టిలో నీళ్లు నింపి, నదిలో లాగినంత నెమ్మదిగా లాగి చూస్తే, రేకు రెండు చుట్లు తిరిగి ఎండుటాకులా వేలాడిపోయింది. అర ఔన్సు అని ముద్ర వేసిన జిగ్ (కొక్కెం తలకు బరువు పోసిన ఎర), 14 గ్రాములు ఉండవలసింది, వంటింటి తూకంలో 9 గ్రాములే తూగింది. అడుగున నిలవకుండా పైకి తేలిపోతున్నదెందుకో అప్పుడు అర్థమైంది. చిన్న చేప ఆకారంలో ఉండే గట్టి ఎరలైన క్రాంక్‌బైట్లు అద్దంలా పారదర్శకంగా ఉన్నాయి, ఊపితే గలగలమనే గుళ్లు లోపల లేవు. ఇవన్నీ తేట నీటి చెరువుల్లో, వెచ్చని రోజుల్లో వాడే సరుకు. (డబ్బా మాత్రం బాగుంది, మా ఆవిడ సూదులూ దారాలూ పెట్టుకుంది.)

అమ్మకపు పేజీలోని బొమ్మలో గుండ్రటి రేకులే ఉన్నాయి. కొనేముందు నేను రివ్యూల కింద ఫొటోలను సరిగా చూడకపోవడం నా తప్పే: ప్రతి ఫొటోలోనూ అడుగు కనిపించేంత తేట నీరు, పొట్టి చేతుల చొక్కాలు వేసుకున్న మనుషులు. కాబట్టి రేకు ఆకారం, గ్రాముల్లో బరువు, రంగు విడివిడిగా రాసి లేని కిట్‌ను కొనకండి. తరువాత నేను దుకాణానికి వెళ్లి చేత్తో తూచి చూసి నలుపు నీలం జిగ్ ఒకటి, కొలరాడో రేకు స్పిన్నర్‌బైట్ ఒకటి విడిగా కొన్నాను. ఆ జిగ్‌ను వంతెన స్తంభం నీడన అడుగుకు దించి, కదపకుండా చాలాసేపు ఉంచితే, గుంజినట్టు కాక తడిగుడ్డ తగులుకున్నట్టు లైన్ బరువెక్కింది. 15 అంగుళాల బాస్ పైకి వచ్చింది. వదిలేశాను. ఇక్కడి ట్రినిటీ చేపలను పీసీబీలు, డయాక్సిన్లు అనే విష రసాయనాల కారణంగా తినవద్దని టెక్సస్ ఆరోగ్య శాఖ హెచ్చరిక ఉంది; అయినా ఆ కిట్‌తో వచ్చిన కరపత్రంలో చేప వేపుడు బొమ్మ వేశారు.

ప్యాకెట్ విప్పారు కనుక వాపసు తీసుకోబోమని అమ్మకందారు బదులిచ్చారు. చెప్పిన సరుకు ఒకటి, వచ్చిన సరుకు ఒకటి అయినప్పుడు, బిల్లు పంపిన నాటి నుంచి 60 రోజుల్లోగా క్రెడిట్ కార్డు సంస్థకు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. తూకం ఫొటో, స్నానపు తొట్టి వీడియో జతపరిచి నేను పంపాను. 74 డాలర్లు తాత్కాలికంగా జమ అయ్యాయి, విచారణ ఇంకా సాగుతోంది.