పాత పికప్ కొనేవారు జాగ్రత్త: అడుగున కొత్త నల్లటి పూత కనిపిస్తే కొనే ముందు ఆగండి

డెట్రాయిట్ చుట్టుపక్కల ఉండే తెలుగువారికి పాత బండ్లు బాగుచేసి అమ్మే ఆ మనిషి ఎవరో వేరే చెప్పనక్కరలేదు. పేరు రాయడం లేదు. మీలో చాలామంది ఆయన దగ్గర ఇప్పటికే ఏదో ఒక బండి కొని ఉంటారు, లేదా ఈ చలికాలంలో కొందామనుకుంటూ ఉంటారు. నా భార్యా బిడ్డలతో సహా ప్రాణం మీదికి తెచ్చుకున్నాను కాబట్టి, కోపం చల్లారక ముందే ఇది రాస్తున్నాను.

పందిరి సామాను, పెద్ద గిన్నెలు అద్దెకిచ్చే చిన్న వ్యాపారం మాది. ఆ సామాను మోయడానికి 2003 నాటి ఫోర్ వీల్ డ్రైవ్ పికప్‌ను అక్టోబరులో ఆయన దగ్గర 6,800 డాలర్లకు కొన్నాను. ఇంజను బాగుంది, టైర్లు బాగున్నాయి. ఇక్కడి బండ్లను తినేసేది ఉప్పు అని నాకు తెలుసు. ఈ నగరం కింద 1,100 అడుగుల లోతున ఉప్పు గనే ఉంది; మంచు పడినప్పుడల్లా రోడ్ల మీద ఉప్పు కుమ్మరిస్తారు. అందుకే చక్రాలకు బ్రేక్ నూనెను తీసుకెళ్ళే సన్నని బ్రేక్ పైపుల సంగతి నేనే అడిగాను. "అన్నా, పాత ఉక్కు పైపులన్నీ పీకేసి, ముందు నుంచి వెనక దాకా తుప్పు పట్టని నికెల్ కాపర్ పైపులు వేశాను. కింద పూత కూడా కొట్టించాను. మీరు పదేళ్ళు వంగి చూడక్కర్లేదు" అన్నాడు. నేను వంగి చూడలేదు. చేతిలో ఫోను ఉంది, దానికి లైటు ఉంది, నేల పొడిగా ఉంది. ఒక్క నిమిషం పని. తెలుగులో, అన్నా అని పిలిచి, గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పిన మాటను అనుమానించడం మర్యాద కాదనుకున్నాను. ఆ మర్యాదను తలుచుకుంటే ఇప్పటికీ నిద్ర పట్టడం లేదు.

మొన్న శనివారం నోవైలో సంక్రాంతి సంబరం ముగించుకుని, సామాను ఎక్కించుకుని, రాత్రి 10 గంటలకు కాంటన్‌కు తిరిగి వస్తున్నాం. సన్నగా మంచు పడుతోంది. నాలుగు చక్రాల డ్రైవ్ వేసే ఉంది, నెమ్మదిగానే వస్తున్నాను. 275 హైవే మీద నుంచి ఫోర్డ్ రోడ్డు ఎగ్జిట్‌లోకి దిగి బ్రేక్ నొక్కగానే, మొదట పెడల్ మామూలుగానే ఆగింది. ఆ వెంటనే లోపల ఏదో తెగినట్టు మెత్తబడి, నా కాలితో పాటు నేల దాకా దిగిపోయింది. డ్యాష్‌బోర్డు మీద ఎర్ర దీపం వెలిగింది. వెనక ఉన్న ఇత్తడి గుండిగలు ముందుకు జారి క్యాబిన్ గోడకు ధడేలుమని తగిలాయి. తొమ్మిదేళ్ళ మా అమ్మాయి "నాన్నా" అని ఒక్కసారే అరిచి ఇంక మాట్లాడలేదు. గేరు తగ్గించి, పార్కింగ్ బ్రేకును కొద్దికొద్దిగా పట్టి వదులుతూ, ఎగ్జిట్ అంచున గుట్టగా పోసిన మంచులోకి బండిని ఒరిగించాను. సిగ్నల్ ఇంకా వంద అడుగుల దూరం కూడా లేదు. ఈ పికప్‌లో ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ బ్రేక్ నూనె దారులు వేరువేరుగా ఉంటాయి. పగిలింది వెనక దారి కాబట్టి ముందు బ్రేకులు ఎంతోకొంత పట్టాయి. అదొక్కటే మమ్మల్ని కాపాడింది.

సోమవారం వేరే గ్యారేజీలో బండిని లిఫ్టు మీదికి ఎక్కించారు. అక్కడి పెద్దాయన ఏమీ మాట్లాడకుండా, డ్రైవరు వైపు ఫ్రేము లోపలి అంచును స్క్రూడ్రైవరుతో గీశాడు. తారులాంటి ఆ నల్లటి పూత అరచేయంత పెచ్చుగా ఊడి వచ్చింది. దాని వెనక నుంచి తడి తుప్పు పొరలు పొరలుగా నేల మీద రాలింది. పూత కింద ఉన్నవి 2003 నాటి అసలు పైపులే. ఒకచోట మాత్రం జానెడు కొత్త ముక్క వేసి, రెండు వైపులా నట్టు బిగించి పైపులను అతికే కంప్రెషన్ ఫిట్టింగులు పెట్టారు. బ్రేకు పైపులకు అవి వాడకూడదని ఆ పెద్దాయన అన్నాడు. తరువాత జేబులోంచి చిన్న అయస్కాంతం తీసి పైపుకు ఆనించాడు. అది టక్కున అతుక్కుంది. నికెల్ కాపర్ పైపుకు అయస్కాంతం అతుక్కోదు, ఉక్కుకు అతుక్కుంటుంది. మా ఇంట్లో ఫ్రిజ్ తలుపు నిండా అయస్కాంతాలే ఉన్నాయి. అక్టోబరులో వాటిలో ఒక్కటి జేబులో వేసుకుని వెళ్ళి ఉంటే సరిపోయేది.

తుప్పు మీద కొట్టిన అలాంటి పూత తుప్పును ఆపదని కూడా అక్కడే తెలిసింది. పూతకు ఎక్కడో చిన్న పగులు వస్తుంది, అందులోంచి ఉప్పునీరు లోపలికి చేరి బయటికి పోలేక అక్కడే ఉంటుంది. పూత లేకుండా ఉన్నప్పటికంటే వేగంగా పైపును తినేస్తుంది. అంటే ఆయన నా దగ్గర నిజం దాచడమే కాదు, బండి పాడవడాన్ని తొందర కూడా చేశాడు.

ఊడదీసిన పైపు ముక్కను కవరులో వేసుకుని నిన్న సాయంత్రం ఆయన దగ్గరికి వెళ్ళాను. డబ్బు కోసం గొడవపడాలని వెళ్ళలేదు, అది దేవుడి మీద ఒట్టు. పొరపాటు జరిగిందన్నా, అమ్మాయి ఎలా ఉంది అని అడుగుతాడనుకున్నాను. కవరులోకి ఒకసారి చూశాడు, ముట్టుకోలేదు. బల్ల సొరుగులోంచి నేను సంతకం చేసిన కాగితం తీసి, ఉన్నది ఉన్నట్టుగా అమ్మకం అన్న వరుస మీద వేలు పెట్టి, "సార్, మీరు చదివే సంతకం చేశారు కదా. 20 ఏళ్ళ బండి సార్, ఇలాగే ఉంటుంది" అన్నాడు. అక్టోబరులో డబ్బు లెక్కపెట్టేటప్పుడు అన్నా. జనవరిలో పైపు ముక్క తెచ్చినప్పుడు సార్. 6,800 డాలర్లు పోయినందుకు కలగని బాధ నాకు ఆ ఒక్క పిలుపు మారినప్పుడు కలిగింది. మా అమ్మాయి బండిలో ఉందని చెప్పాను. "అందరూ క్షేమమే కదా సార్" అని ఫోను ఎత్తుకుని ఇంకెవరితోనో మాట్లాడటం మొదలుపెట్టాడు. ఆ ఫోనులో అవతలి వాళ్ళను కూడా అన్నా అనే పిలుస్తున్నాడు.

కొనేవారికి నాకు చేతనైనంత చెబుతాను. మిషిగన్‌లో సొంత బండ్లకు ఏటా భద్రతా తనిఖీ లేదు, కాబట్టి మీ తరఫున కిందికి వంగి చూసేవారు ఎవరూ ఉండరు. ఉప్పు వాడే రాష్ట్రాల్లో 2007, అంతకు ముందు మోడళ్ళ బండ్ల బ్రేకు పైపులను చూపించుకోవాలనీ, అడుగు భాగాన్ని తరచూ కడగాలనీ కేంద్ర రహదారి భద్రతా సంస్థ 2015లోనే హెచ్చరించింది. డబ్బు ఇవ్వకముందే అమ్మేవారితో సంబంధం లేని మెకానిక్ దగ్గర లిఫ్టు మీద చూపించండి. పైపులు మార్చామంటే ఏ దుకాణంలో, ఎంతకు మార్చారో బిల్లు అడగండి. కొన్నాక ఇసుక బస్తాలను వెనక ఇరుసు మీదికి వచ్చేలా పెట్టి కట్టేయండి. ఖాళీ పికప్ వెనక భాగం మంచు మీద నిలవదు.

నా బండికి పైపులన్నీ కొత్తగా వేయడానికి 1,850 డాలర్లు అవుతుందన్నారు. ఒప్పుకున్నాను. 12 నెలల్లో 5 బండ్లు, అంతకు మించి అమ్మేవారికి ఇక్కడ డీలరు లైసెన్సు ఉండాలి. ఆయనకు ఉందో లేదో తేల్చమని, ఆ లైసెన్సులు ఇచ్చే సెక్రటరీ ఆఫ్ స్టేట్ కార్యాలయానికి ఫిర్యాదు రాశాను. చిన్న మొత్తాల దావాలు వినే స్మాల్ క్లెయిమ్స్ కోర్టు కాగితాలు కూడా నింపుతున్నాను.

ఈ ఉదయం ఆయన ఇంకొక పాత పికప్‌ను అమ్మకానికి పెట్టాడు, తెల్లది. ఫోటోల్లో చక్రాల వెనక నల్లటి పూత కొత్తగా మెరుస్తోంది. దాన్ని చూడటానికి వెళ్ళాలనుకుంటున్నవారు ముందు నాకు ఒక్క మాట చెప్పండి, పనిమానుకుని అయినా మీతో వస్తాను. ఆ పైపు ముక్క నా దగ్గరే ఉంది, దాన్నీ తెస్తాను.