హన్మకొండలో చేయించిన కణ మరణ ప్రొటీన్ల నమూనాలు: ఒక విద్యా సంవత్సరం వాడిన తర్వాత

గత విద్యా సంవత్సరం మొదట్లో మా డిగ్రీ కళాశాల జీవశాస్త్ర విభాగం కోసం నాలుగు ప్రొటీన్ల నమూనాలను హన్మకొండ నయీంనగర్ వైపు ఉన్న ఒక త్రీడీ ప్రింటింగ్ దుకాణంలో చేయించాము. ఆ దుకాణానికి ప్రధానమైన గిరాకీ కాకతీయ కళాతోరణం జ్ఞాపికలు, ఇంటి పేరు పలకలు, అప్పుడప్పుడు ఇంజనీరింగ్ విద్యార్థుల ప్రాజెక్టు పనులు. ప్రొటీన్ నమూనా అడిగినవారిలో మేమే మొదటివాళ్లమని యజమాని చెప్పారు. నాలుగింటికీ కలిపి 7,200 రూపాయలు అయ్యాయి: బీసీఎల్-ఎక్స్‌ఎల్, దానిలో అమరే చిన్న పెప్టైడ్ (అమైనో ఆమ్లాల పొట్టి గొలుసు) ముక్కతో సహా 2,600, కణాన్ని చావు వైపు నడిపించే బ్యాక్స్ 1,500, ప్రొటీన్లను కోసే ఎంజైమ్ కాస్పేస్-3 నమూనా 1,300, కణ మరణంలో ఏర్పడే ప్రొటీన్ల చక్రం అపాప్టోసోమ్ 1,800. కొన్ని లోపాలను కూడా రాయవలసి ఉన్నందువల్ల దుకాణం పేరు ఇక్కడ ఇవ్వడం లేదు.

కణం తనంతట తాను క్రమపద్ధతిలో చనిపోయే ప్రక్రియకు 1972లో కెర్, వైలీ, కరీ అనే ముగ్గురు శాస్త్రవేత్తలు అపాప్టోసిస్ అని పేరు పెట్టారు. చెట్టు నుంచి ఆకులు, పువ్వు నుంచి రేకులు రాలడాన్ని సూచించే గ్రీకు మాట అది. సీ. ఎలిగాన్స్ అనే చిన్న పురుగు ద్విలింగ రూపం పెరుగుదలలో 1,090 శరీర కణాలు పుడితే వాటిలో సరిగ్గా 131 చనిపోతాయనీ, ఆ పరిశోధనలకు 2002లో బ్రెన్నర్, హార్విట్జ్, సల్‌స్టన్‌లకు నోబెల్ బహుమతి వచ్చిందనీ మా విద్యార్థులు తడుముకోకుండా రాస్తారు. అయితే ఒక ప్రొటీన్ మరొక ప్రొటీన్‌ను ఎట్లా ఆపుతుందని అడిగితే మాత్రం బోర్డు మీద నేను గీసిన బాణం గుర్తునే తిరిగి గీసి చూపిస్తారు. వాళ్లను తప్పుపట్టడానికి లేదు, ఎందుకంటే బాణం గుర్తులో ఆకారం ఉండదు. ఈ ప్రొటీన్ల విషయంలో అసలు జవాబు ఆకారంలోనే ఉంది. నమూనాలు చేయించాలన్న ఆలోచనకు మూలం ఇదే.

పెట్టిన డబ్బుకు పూర్తిగా న్యాయం చేసింది బీసీఎల్-ఎక్స్‌ఎల్ నమూనా. కణాన్ని చావు నుంచి కాపాడే ఈ ప్రొటీన్ నిర్మాణం 1996లో ఎక్స్-రే, ఎన్‌ఎంఆర్ పద్ధతులు రెండింటి ద్వారా వెల్లడైంది. ఎనిమిది ఆల్ఫా హెలిక్స్‌లలో, అంటే స్ప్రింగులా చుట్టుకొన్న గొలుసు భాగాలలో, నీటికి దూరంగా ఉండే రెండు నడుమ నిలబడితే, మిగిలినవి వాటి చుట్టూ కప్పుకొని ఉంటాయి. డిఫ్తీరియా విషంలో పొరకు రంధ్రం చేసే భాగంతో ఈ అమరికకు ఉన్న పోలిక అప్పట్లో అందరినీ ఆశ్చర్యపరిచింది. మేము మాత్రం 1997లో వచ్చిన రెండో నిర్మాణాన్ని ఎంచుకున్నాము. అందులో బ్యాక్ అనే, చావు వైపు నడిపించే ప్రొటీన్ నుంచి తీసుకున్న పదహారు అమైనో ఆమ్లాల ముక్క బీసీఎల్-ఎక్స్‌ఎల్ ఉపరితలం మీది గాడిలో పడుకొని ఉంటుంది. ఈ ఫైలు ప్రొటీన్ల నిర్మాణాలను భద్రపరిచే ప్రొటీన్ డేటా బ్యాంక్‌లో ఉచితంగా దొరుకుతుంది కాబట్టి దుకాణానికి మేము కట్టింది ప్రింటింగు, రంగుల ఖర్చు మాత్రమే.

ఒక ఆంగ్‌స్ట్రామ్‌కు (మీటరులో వెయ్యి కోట్ల వంతు) రెండు మిల్లీమీటర్ల చొప్పున, అంటే రెండు కోట్ల రెట్లు పెద్దదిగా చేయించాము. ఆ లెక్కన ప్రొటీన్ అరచేతిలో నిండుగా పట్టే బత్తాయి పండంత, పెప్టైడ్ ముక్క చిటికెన వేలంత వచ్చాయి. గాడి అడుగున నీటిని ఇష్టపడని భాగాలకు పసుపు రంగు, మిగతా ఉపరితలానికి బూడిద రంగు వేయించాము. పెప్టైడ్ మీద 74, 78, 81, 85 స్థానాలలోని వాలీన్, ల్యూసీన్, రెండు ఐసోల్యూసీన్‌లు బొడిపెల్లా పొడుచుకొని ఉంటాయి. హెలిక్స్ ఒక చుట్టు తిరగడానికి సుమారు 3.6 అమైనో ఆమ్లాలు పడతాయి కనుక నాలుగు, మూడు, నాలుగు స్థానాల ఎడంలో ఉన్న ఈ నాలుగూ ఒకే ముఖం మీదికి వస్తాయి. బోర్డు మీద ఈ లెక్క చెప్పినప్పుడు తరగతిలో సగం మంది ముఖాలు వాడిపోయేవి. ముక్కను వేళ్ల మధ్య తిప్పి చూసినప్పుడు మాత్రం ఎవరికీ వివరించవలసిన అవసరం రాలేదు. ఆ ముఖాన్ని కిందికి తిప్పి గాడిలో పెడితే లోపలి చిన్న అయస్కాంతం టక్కున పట్టుకుంటుంది. తలకిందులుగా పెడితే బొడిపెలు గాడి అంచులకు తగిలి ముక్క ఊగుతుంది. పెప్టైడ్‌లోని 83వ స్థానపు ఆస్పార్టిక్ ఆమ్లానికి ఎరుపు, గాడి అంచున దానికి ఎదురుగా వచ్చే 139వ స్థానపు ఆర్జినీన్‌కు నీలం వేయించాము. ముక్క సరిగా కూర్చున్నప్పుడే ఎరుపు వెళ్లి నీలం పక్కన చేరుతుంది. కాపాడే ప్రొటీన్ చంపే ప్రొటీన్‌ను ఆపడమంటే దాని హెలిక్స్‌ను తన గాడిలో బంధించడమేనని ఇంతకంటే సూటిగా చెప్పే సాధనం నాకు ఇంతవరకూ దొరకలేదు.

ఈ నమూనాతోనే ఔషధాల పాఠం కూడా చెప్పగలిగాను. గాడిలో పెప్టైడ్‌కు బదులు ఒక చిన్న అణువును కూర్చోబెడితే బంధించిన చంపే ప్రొటీన్లు విడుదలై క్యాన్సర్ కణం చనిపోతుందన్న ఆలోచన నుంచే 2005లో ఏబీటీ-737, ఆ తర్వాత 2016లో అమెరికాలో ఒక రకం రక్త క్యాన్సర్‌కు అనుమతి పొందిన వెనెటోక్లాక్స్ వచ్చాయి. రక్త ఫలకికలు (ప్లేట్‌లెట్లు) బతకడానికి బీసీఎల్-ఎక్స్‌ఎల్ మీద ఆధారపడతాయి కాబట్టి వెనెటోక్లాక్స్‌ను దాన్ని వదిలేసి, అలాగే కణాన్ని కాపాడే దాని బంధువు బీసీఎల్-2 ప్రొటీన్ గాడికే పట్టేలా మలిచారు. ఆ మందు అణువు నమూనా కూడా ఉంటే పాఠం ఇంకా నిండుగా ఉండేది. ముందే అడగకపోవడం మా పొరపాటు.

దుకాణం తప్పు కాని ఒక లోటు గురించి కొనేవారు తెలుసుకోవాలి. బీసీఎల్-ఎక్స్‌ఎల్ చివరన పొరలో నాటుకునే తోక ఉంటుంది. ద్రావణంలో ప్రొటీన్ సరిగా కరగాలని పరిశోధకులు ఆ తోకను తీసివేసి నిర్మాణాన్ని కనుగొన్నారు. ఫైలులో లేనిది నమూనాలో రాదు. దాంతో ఇది మైటోకాండ్రియా (కణానికి శక్తినిచ్చే భాగం) మీద దేనితో నిలబడుతుందని ప్రతి బ్యాచిలోనూ ఎవరో ఒకరు అడుగుతారు. చివరికి నేనే ఒక కరెంటు తీగ ముక్కను అంటించి తోకగా చూపిస్తున్నాను.

బ్యాక్స్ నమూనా సంగతి వేరు. 2000లో వెలువడిన ఈ నిర్మాణం తోకతో సహా పూర్తి ప్రొటీన్‌ది. తొమ్మిదో హెలిక్స్ అయిన ఆ తోక బ్యాక్స్ సొంత గాడిలోనే ముడుచుకొని ఉంటుంది. సంకేతం అందినప్పుడు అది బయటికి వచ్చి మైటోకాండ్రియా పొరలోకి దిగుతుంది. మొదటి నమూనాలో పరాయి హెలిక్స్ పడుకున్న చోటే ఇక్కడ సొంత తోక పడుకొని ఉందని రెండింటినీ పక్కపక్కన పెట్టి చూపవచ్చు. కానీ దుకాణం మొదట ఇచ్చిన ప్రతిని అట్లా వాడటానికి వీలు లేకపోయింది. చూడటానికి ఏ వంకా పెట్టలేనంత నున్నగా వచ్చిన ఆ రిబ్బన్ నమూనాను (ప్రొటీన్ గొలుసును పట్టీలా చూపేది) నేను వారం రోజుల పాటు బల్ల మీద పెట్టుకొని కూడా ఏమీ గమనించలేదు. మూడో సంవత్సరం విద్యార్థి ఒకరు దాన్ని తిప్పి తిప్పి చూసి, "మేడమ్, ఇది ఉల్టా తిరిగింది" అన్నాడు. ప్రయోగశాల తలుపు బందు నుంచి ఊడిన ఒక స్క్రూను నిలబెట్టి పక్కన పెట్టాము. మామూలు స్క్రూలో మన వైపు కనిపించే మరలు ఎడమ నుంచి కుడికి ఎక్కుతాయి. ప్రొటీన్లలోని ఆల్ఫా హెలిక్స్ కూడా అట్లాగే ఎక్కాలి. మా బ్యాక్స్‌లో తొమ్మిది హెలిక్స్‌లూ కుడి నుంచి ఎడమకు ఎక్కుతున్నాయి. నమూనాను ప్రింటర్ బల్ల మీద అనుకూలంగా పడుకోబెట్టడానికి దుకాణంలో తిప్పే మీటకు బదులు ప్రతిబింబం మీట నొక్కారట. కళాతోరణానికి రెండు వైపులూ ఒకటే కాబట్టి ఇన్నేళ్లలో ఆ తేడా వారికి ఎన్నడూ బయటపడలేదు. విషయం చెప్పగానే వాదించకుండా, డబ్బు అడగకుండా మళ్లీ చేసి ఇచ్చారు. దానికి పన్నెండు రోజులు పట్టింది. ఈలోగా ఆ పాఠం గడిచిపోయింది. పాత ప్రతిని మేము పారేయలేదు, ఏది సరైనదో కనుక్కోండని ప్రాక్టికల్స్‌లో ఇస్తున్నాము.

కాస్పేస్-3 నమూనా మీద ఖర్చు అనవసరమనిపించింది. ఆస్పార్టిక్ ఆమ్లం తర్వాతి బంధాన్ని కోసే ఈ ఎంజైమ్‌లో రెండు పెద్ద, రెండు చిన్న ఉపభాగాలు ఉంటాయని రెండు రంగుల వల్ల తెలుస్తుంది, అంతవరకే. కోత జరిగే చోట ఉన్న 163వ సిస్టీన్ ఆ పరిమాణంలో వేలి గోటికి కూడా తగలదు. ఈ పని కంప్యూటర్ తెర మీద ఇంతకంటే బాగా జరుగుతుంది.

అపాప్టోసోమ్ చూడముచ్చటగా ఉంటుంది. మైటోకాండ్రియా నుంచి జారిన సైటోక్రోమ్-సి అనే ప్రొటీన్ తగిలాక ఏడు ఏపీఏఎఫ్-1 ప్రొటీన్ అణువులు చక్రంలా చేరి కాస్పేస్-9 అనే మరో కోత ఎంజైమ్‌ను మేల్కొలిపే ఈ నిర్మాణాన్ని 2002లో శీతల ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో మసకగా, 2015లో స్పష్టంగా చూడగలిగారు. ఏడు ఆకులు వేళ్లతో లెక్కపెట్టుకునేలా వచ్చాయి. చిక్కంతా కొలతతోనే. మొదటి నమూనా కొలతలోనే చేస్తే ఇది అర మీటరు పళ్లెమంత అయ్యేది; వారి ప్రింటర్‌లో అంత చోటు లేదు కాబట్టి యాభై లక్షల రెట్లకు తగ్గించారు. ఫలితంగా బీసీఎల్-ఎక్స్‌ఎల్, అపాప్టోసోమ్ రెండూ బల్ల మీద ఇంచుమించు ఒకే పరిమాణంలో కనిపిస్తాయి. ఒక్క ప్రొటీన్ గొలుసూ, ఏడు పెద్ద అణువుల గుంపూ సమానమన్న భ్రమ విద్యార్థులలో నాటుకోవడం నేను జవాబు పత్రాలలోనే చూశాను. దుకాణం వారు నమూనా అడుగున కొలత చెక్కి ఇచ్చి ఉండవలసింది. మేము తర్వాత కాగితం అంటించాము.

వాడిన ప్లాస్టిక్ గురించి వరంగల్ వైపు వారికి ప్రత్యేకంగా చెప్పాలి. దుకాణం మామూలుగా వాడే పీఎల్ఏ సుమారు 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. మే నెలలో కాజీపేటలోని ఒక పాఠశాలలో ప్రదర్శన ముగిశాక బ్యాక్స్ నమూనాను కారు వెనుక అద్దం దగ్గర పెట్టి మధ్యాహ్న భోజనానికి వెళ్లాను; తిరిగి వచ్చేసరికి తోక హెలిక్స్ గాడి నుంచి వేలెడు దూరం వంగి లేచి ఉంది. సంకేతం అందిందని విద్యార్థులు నవ్వారు గానీ దాన్ని మళ్లీ యథాస్థానానికి తేవడం నా వల్ల కాలేదు. కొంత ఎక్కువ వేడిని తట్టుకునే పీఈటీజీ కూడా తమ వద్ద ఉందని, దానికి నమూనాకు మూడు వందలు అదనమని యజమాని అప్పుడు చెప్పారు. ఎండాకాలం ఎట్లా ఉంటుందో తెలిసిన ఊరి దుకాణం ఈ మాట ఆర్డరు తీసుకునేటప్పుడే చెప్పవలసింది.

రంగుల పనితనం బాగుంది. ఏడాదిలో పసుపు ఎక్కడా లేవలేదు. అయస్కాంతం ఒకసారి ఊడితే అక్కడికక్కడే అంటించి ఇచ్చారు. ఇచ్చిన గడువు మాత్రం నాలుగు నమూనాలలో ఒక్కదానికీ నిలబడలేదు.

కొత్తగా చేయించదలచిన కళాశాలలు బీసీఎల్-ఎక్స్‌ఎల్, బ్యాక్స్ జతను ఒకే కొలతలో, పీఈటీజీలో అడిగితే సరిపోతుంది. తెచ్చుకునే ముందు దుకాణంలోనే ఒక స్క్రూ పక్కన పెట్టి హెలిక్స్ ఎటు తిరిగిందో చూసుకోవాలి. మేము బీసీఎల్-2, వెనెటోక్లాక్స్ జతకు ఐదు వందలు బయానా ఇచ్చి వచ్చాము. బతుకమ్మ సెలవులకు ముందే ఇస్తామన్నారు.