కల్తీ కల్లు మానే ఆడవాళ్లకు ‘రోజుకో కవరు’ మందు: చాన్నాళ్లు వాడించాక నా అభిప్రాయం

కల్తీ కల్లు మత్తుకు బదులు డైజోఫాం (డయాజెపాం) అనే మత్తు మాత్ర ఇచ్చి, దాన్ని మెల్లమెల్లగా తగ్గించే ఈ చికిత్సలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఆ మాత్రలు పెట్టి ఇచ్చే చిన్న కాగితపు కవరు. వారానికి ఏడు కవర్లు. పొద్దుటి మాత్ర ఉన్న మడత మీద సూర్యుడి బొమ్మ, రాత్రి మాత్ర మడత మీద చంద్రుడి బొమ్మ, మూలన వారం పేరుకు ఒక రంగు గీత. చదువు రాని మనిషి కూడా ఎవర్నీ అడక్కుండా తన మందు తనే వేసుకుంటుంది. ఏ రోజు ఏం మింగిందో, ఏది మిగిలిందో వచ్చే వారం మా బల్ల మీద కనపడుతుంది. డీ-అడిక్షన్ ఓపీలో కౌన్సెలర్‌గా ఏళ్లుగా ఈ పద్ధతిని వాడిస్తున్నాను. వచ్చేవాళ్లలో ఎక్కువమంది బీడీలు చుట్టేవాళ్లు, కూలికి పోయేవాళ్లు. బ్రాందీ, గంజాయి మాన్పించే తీరు వేరు. ఇక్కడ రాసేదంతా కల్తీ కల్లు గురించే.

కల్లులో ఏం కలుపుతారో తెలంగాణలో చాలామందికి తెలుసు: ఆల్ప్రాజోలం, డైజోఫాం, క్లోరల్ హైడ్రేట్. ఏళ్ల తరబడి రోజూ వీటికి అలవాటు పడ్డ ఒళ్లు, ఒక్కసారిగా అందకపోతే తట్టుకోలేదు. 2015 సెప్టెంబరులో కల్తీ మీద దాడులు పెరిగి మత్తు కల్లు ఆగిపోయినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికీ నిజామాబాద్, మెదక్, మహబూబ్‌నగర్ దవాఖానాలకూ జనం అలా పోటెత్తింది ఇందుకే. మెడ ఒక పక్కకు గుంజుకుపోవడం, నాలుక మొద్దుబారడం, గోడల మీద ఏవో పాకుతున్నట్టు కనపడటం, ఫిట్స్. అందుకని ‘రేపట్నుంచి ముట్టనని ఒట్టు పెట్టు’ అని ఆడమనిషిని ఇంట్లో పెట్టి తాళం వేసే కుటుంబాలంటే నాకు భయం. ఒట్టు మంచిదే, కానీ ఒంట్లో మత్తును మాత్రం మెట్టు మెట్టుగానే దించాలి.

పద్ధతి ఇదీ. సీసాలో ఎంత కలిపారో అమ్మేవాడికే సరిగ్గా తెలియదు కాబట్టి, రోజుకు ఎన్ని సీసాలని అడిగి మోతాదు కట్టలేం. 0.5 మిల్లీగ్రాముల ఆల్ప్రాజోలానికి సుమారు 10 మిల్లీగ్రాముల డైజోఫాం అన్న లెక్క పుస్తకాల్లో ఉంది గానీ, కల్లు విషయంలో అది అక్కరకు రాదు. డాక్టరు వణుకు, చెమట, నాడి, బీపీ, నిద్ర చూస్తూ మొదటి రెండు మూడు రోజుల్లో మోతాదు పట్టుకుంటారు. డైజోఫాంనే ఎంచుకోవడానికి కారణం అది ఒంట్లోంచి నెమ్మదిగా పోవడం. ఆల్ప్రాజోలం అయితే ప్రభావం కొన్ని గంటల్లోనే దిగిపోయి, రెండు పూటల మధ్యనే గుంజుడు (మత్తు అందక ఒళ్లు పడే బాధ) మొదలవుతుంది.

ఉదాహరణకు రోజుకు 30 మిల్లీగ్రాములతో స్థిరపడిన మనిషికి వారానికి 5 చొప్పున తగ్గించి 10కి తెస్తారు. అక్కడి నుంచి రెండు వారాలకు 2 మిల్లీగ్రాములు. మొత్తం మూడు, నాలుగు నెలలు. మోతాదు మనిషి మనిషికీ మారుతుంది, ఇది చదివి ఇంట్లో ఎవరూ మొదలుపెట్టకూడదు. మొదటి రోజే గర్భం పరీక్ష, హిమోగ్లోబిన్, లివర్, క్రియాటినిన్, షుగర్ చేయించాలి. గర్భం సంగతి తెలియకుండా ఈ మందు మొదలుపెట్టకూడదు. చివరి నెలల్లో వాడితే పుట్టిన బిడ్డ మెత్తబడిపోయి పాలు తాగలేకపోవచ్చు. పాలిచ్చే తల్లి అయితే మందు పాలలోకి పోయి బిడ్డ మబ్బుగా పడుకుంటుంది. ఈ ఇద్దరి సంగతీ ఓపీలో కాదు, ప్రసూతి డాక్టరు కూడా ఉన్న ఆస్పత్రిలోనే చూడాలి. దీనితో పాటు థయమిన్ మాత్ర. ఇంట్లో అందరూ తిన్నాక మిగిలింది తినే మనిషికి ఈ విటమిన్ ముందే తక్కువగా ఉంటుంది. నీరసంగా ఉందని ఆర్‌ఎంపీ దగ్గర నేరుగా గ్లూకోజు సెలైను ఎక్కిస్తే మెదడుకు ప్రమాదం. థయమిన్ ముందు పడాలి.

మోతాదు సరిపోయిందా లేదా అన్నది మిషన్ల కన్నా బీడీ బాగా చెబుతుంది. తునికాకు కత్తిరించేటప్పుడు వణుకు పెద్దగా తెలియదు, అరచెయ్యి కత్తెరను పట్టుకునే ఉంటుంది. తంబాకు పోసి ఆకు చుట్టి, మూతి మడిచి, దారం కట్టేటప్పుడు బయటపడుతుంది. దారం రెండో చుట్టు జారిపోతుంది, మూతి విప్పుకుంటుంది. అందుకే ‘చెయ్యి వణుకుతుందా అక్కా’ అని అడగం, ‘వెయ్యి బీడీలకు ఎంత పొద్దు పడుతోంది’ అని అడుగుతాం. మోతాదు తగ్గించిన వారం ఆ పొద్దు బాగా పెరిగిందంటే మరుసటి వారం తగ్గించకుండా అక్కడే ఆపుతారు. నెలసరి ముందు రోజుల్లో నిద్ర చెడితే దాన్ని గుంజుడుగా పొరబడే అవకాశం ఉంది. తగ్గించే రోజు ఆ వారంలో పడకుండా తేదీ రాసుకుంటే సగం గొడవ తగ్గుతుంది. మగవాళ్ల కోసం తయారైన చార్టుల్లో నెలసరి తేదీకి గడి ఉండదు. మేం చేత్తో గీసుకున్నాం.

ఇక ఈ పద్ధతి ఎక్కడ తెగిందో వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎక్కడ మొదలుపెట్టినా అక్కడే తెగుతుంది. దసరా. బతుకమ్మ మొదలైన దగ్గర్నుంచి పనులు, పుట్టింటి ప్రయాణాలు. ఓపీ రోజు సెలవులో పడుతుంది. కవర్లు అయిపోయినా మొదటి రెండు మూడు రోజులు ఏమీ కాదు. డైజోఫాం ఇంకా ఒంట్లో ఉంటుంది. ‘మందు లేకుండానే మంచిగున్నా’ అని ఆమె అనుకుంటుంది, ఇంట్లోవాళ్లు కూడా సంతోషపడతారు. అసలు కష్టం నాలుగో రోజు తర్వాత, ఒక్కోసారి వారం దాటాక వస్తుంది. నిద్ర పూర్తిగా పోతుంది, ఒంటి మీద చీమలు పారినట్టుంటుంది, చిన్న చప్పుడుకు గుండె దడ. ‘నిద్ర వడ్తలేదు మేడం, మెడ గుంజుతుంది’ అని ఫోన్ వచ్చేసరికి, మందు ఆగి చాలా రోజులైంది కాబట్టి ఎవరూ ఆ రెండింటినీ కలిపి చూడరు. దిష్టి అంటారు, గాలి సోకిందంటారు. ఇంటి నిండా పండుగ కల్లు ఉంటుంది. ఒక్క గ్లాసు తాగితే గుంజుడు కాసేపట్లోనే సర్దుకుంటుంది. మూడు నెలల పని అక్కడ పోతుంది.

దీనికన్నా ప్రమాదమైనది ఆ తర్వాతి అడుగు. తాగినందుకు సిగ్గుపడి, తప్పిన వారం మందు పూడ్చుకోవాలని కొత్తగా తెచ్చుకున్న కవర్లలో రెండు మూడు రోజులవి ఒకేసారి మింగుతారు. కల్లులో ఉన్న మత్తు, మాత్రలో ఉన్న మత్తు ఒకే రకం. రెండూ కలిస్తే మనిషి లేవదు, ఊపిరి మందగిస్తుంది. గురక మారినా, పెదవులు నీలిబడినా, పిలిస్తే పలకకపోయినా పడుకోనిద్దాం అనుకోకుండా 108కి ఫోన్ చేయాలి. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. నోట్లో చెంచా, చేతిలో తాళాలు, ముక్కు దగ్గర ఉల్లిపాయ ఏవీ వద్దు. అయిదు నిమిషాలు దాటినా, మళ్లీ మళ్లీ వచ్చినా అత్యవసరం కిందే లెక్క.

ఇలా తెగడం చూశాక కవర్లు ఏడు కాదు, పది చేశాం. చివరి మూడూ ఎర్ర కాగితంలో అంటించి, ‘ఓపీ తప్పితేనే చించాలి’ అని మొదటి రోజే నోటితో చెప్పించుకుంటాం. చించకుండా తెస్తే వాటినే తర్వాతి వారం లెక్కలో కలుపుతాం. మూడు నియమాలు ఆమెతో పాటు ఇంట్లో ఇంకొకరికి కూడా వచ్చి తీరాలి. తప్పిన కవరు తప్పినట్టే, మర్నాటి దానితో కలపొద్దు. సాయంత్రం తాగితే ఆ రాత్రి మాత్ర ముట్టొద్దు. మూడు రోజులకు మించి ఆగితే పాత మోతాదుతో తనంతట తాను మొదలుపెట్టొద్దు, ఓపీకి రావాలి. తాగి వచ్చినా తిట్టం అన్న మాట కూడా చెప్పాలి, చెప్పినట్టు ఉండాలి కూడా. తిట్లకు భయపడి ఓపీ మానేసినవాళ్లే ఎక్కువ ప్రమాదంలో పడతారు.

ఎర్ర కవరుతో కొత్త చిక్కు వచ్చింది. అదే అలవాటున్న భర్త ఇంట్లో ఉంటే ఆ మూడు కవర్లూ మిగలవు. పిల్లల చేతికి అందితే ఇంకా ఘోరం. అందుకే ఎక్కడ పెడతావని ఆమెనే అడుగుతాం. బియ్యం డబ్బా అడుగున, బీడీ చాట కింద, పక్కింటి అత్త దగ్గర... జవాబు ఏదైనా సరే, ఆమె చెప్పినదే రాసుకుంటాం. మహిళా సంఘం లీడరు దగ్గర పెట్టించే ప్రయత్నం మాత్రం చేయొద్దు, ఊరంతా తెలిసిపోతుంది. మెడికల్ షాపు మీద ఆధారపడకపోవడానికీ కారణం ఇదే. డైజోఫాం, ఆల్ప్రాజోలం రెండూ హెచ్-1 షెడ్యూలు మందులు. షాపువాళ్లు డాక్టరు పేరు, మందు వాడే రోగి పేరు రిజిస్టరులో ఎక్కించి మూడేళ్లు ఉంచాలి. నియమం సరైనదే. కానీ ఊళ్లో ఉన్న ఒక్క షాపులో తన పేరు అలా ఎక్కడం ఏ ఆడమనిషికీ ఇష్టం ఉండదు. కవరు ఆస్పత్రి నుంచే నేరుగా రావాలి.

నేను ఊహించని మేలు ఒకటి బస్సు వల్ల జరిగింది. 2023 డిసెంబరు 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. వారం వారం రావాలంటే అంతకుముందు బస్సు డబ్బులు భర్తను అడగాల్సి వచ్చేది. అడిగితే ఎక్కడికి, ఎందుకు అన్న ప్రశ్న. ఇప్పుడు ఆధార్ కార్డు జాకెట్లో పెట్టుకుని ఒక్కతే వచ్చి పోతోంది. ఈ చికిత్సకు ఆ జీరో టికెట్టు చేసిన ఉపకారం చిన్నది కాదు.

మొదట్లో ఈ పద్ధతి ఉంటే అడ్మిషనే అక్కర్లేదని గట్టిగా చెప్పేదాన్ని. ఇప్పుడు అంత గట్టిగా చెప్పను. ఇంతకుముందు ఫిట్స్ వచ్చినవాళ్లు, కల్లుతో పాటు బ్రాందీ తాగేవాళ్లు, అరవై దాటినవాళ్లు, ఒంటరిగా ఉండేవాళ్లు, చచ్చిపోవాలని ఉందనేవాళ్లు మొదటి వారం పది రోజులు వార్డులో ఉండాల్సిందే. 2025 జులైలో కూకట్‌పల్లి కల్తీ కల్లు మరణాల తర్వాత ఇంకో సంగతి కూడా ముందే అడుగుతున్నాం: వాంతులు, విరేచనాలు, మూత్రం తగ్గడం ఉందా అని. ఉంటే అది గుంజుడు కాదు, విషం. కవర్లు పక్కన పెట్టి కిడ్నీ వైద్యం ఉన్న ఆస్పత్రికి పంపాలి.

అడ్మిషన్ అనగానే ఆడవాళ్లు వెనక్కి తగ్గేది పిల్లల గురించే. 1992లో దూబగుంట నుంచి లేచిన సారా ఉద్యమాన్ని గర్వంగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి. కానీ తాగుడులో చిక్కుకున్న ఆడమనిషికి విడిగా మంచం, తలుపు గడియ ఉన్న బాత్రూము ఉన్న కేంద్రాలు వెతికితే గానీ దొరకవు. మగవాళ్ల హాలు చివర పరదా కట్టి దాన్నే ‘లేడీస్ వార్డు’ అన్న చోటుకు మనిషిని పంపాల్సి వచ్చినప్పటి కోపం నాకు ఇంకా పోలేదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తు మందుల వల్ల వచ్చే మానసిక స్థితులకూ వర్తిస్తుంది. దాని ప్రకారం మూడేళ్లలోపు బిడ్డను చికిత్సలో ఉన్న తల్లి నుంచి మామూలుగా వేరు చేయకూడదు. బలవంతంగా గుండు చేయకూడదు. నెలసరికి కావలసినవి ఇవ్వాలి. చేర్చే ముందు ఈ మూడూ పేరుపేరునా అడగండి. ఎక్కడికి వెళ్లాలో తెలియకపోతే మత్తు మాన్పించే హెల్ప్‌లైన్ 14446కు గానీ, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు గానీ ఫోన్ చేయొచ్చు. టెలీ మానస్‌లో తెలుగులో మాట్లాడతారు.

ఇంకో లోటు చివరి మెట్టు దగ్గర. 5 నుంచి సున్నాకు రావడం 30 నుంచి 10కి రావడం కన్నా కష్టం. 2 మిల్లీగ్రాముల మాత్ర స్టాకు లేనప్పుడు 5ను సగం చేస్తాం. మాత్ర సమంగా విరగదు. ఒక రోజు ఎక్కువ, ఒక రోజు తక్కువ పడి ఆ వారం నిద్ర ఎగుడుదిగుడుగా ఉంటుంది. అప్పుడే ఆర్‌ఎంపీ దగ్గర ‘చిన్న నిద్రమాత్ర’ తీసుకుంటారు. అది చాలాసార్లు ఆల్ప్రాజోలమే, అంతా మళ్లీ మొదటికి వస్తుంది. ఈ దశలో కొత్త మాత్ర ఏది ఎవరిచ్చినా స్ట్రిప్పు తెచ్చి చూపించమని మరీ మరీ చెప్పాలి.

నా అనుభవం ఒక్క బస్సు దూరంలో ఉండే ఆడవాళ్లతో, వారానికో రోజు డాక్టరు తప్పకుండా కూర్చునే ఓపీతో. అలాంటి చోట ఇంతకన్నా మంచి పద్ధతి నేను చూడలేదు. రెండు బస్సులు మారి వచ్చే తండాల వాళ్లు మాత్రం నెల తిరిగేసరికి రావడం తగ్గించేస్తున్నారు. వాళ్లకు రెండు వారాల కవర్లు ఒకేసారి ఇస్తే ఇంట్లో అంత మత్తు మందు ఉండటం ప్రమాదం. ఏఎన్ఎం చేత పంపిస్తే గుట్టు దాగదు. ఈ రెంటిలో ఏది నయమో తేలేదాకా, దూరం నుంచి వచ్చేవాళ్లకు ముందు వార్డు, మోతాదు 10కి దిగాకే కవర్లు అని చెబుతున్నాను.