బెర్నీ శాండర్స్ 2020 ప్రచార సందేశాలు: ఒక సమీక్ష

అమెరికా అధ్యక్ష పదవికి డెమోక్రటిక్ పార్టీ అభ్యర్థిత్వం కోరుతూ 2019 ఫిబ్రవరిలో బెర్నీ శాండర్స్ మొదలుపెట్టిన ప్రచార సందేశాలను వరుసగా చదివితే, ముందుగా ఆకట్టుకునేది వాటి సూటిదనం. ‘నేను కాదు, మనం’ అన్న చిన్న నినాదంలోనే ఆ ప్రచార స్వభావమంతా కనిపిస్తుంది.

విద్యార్థుల అప్పుపై ఇచ్చిన సందేశం నాకు అన్నిటికంటే బలంగా అనిపించింది. సుమారు 1.6 లక్షల కోట్ల డాలర్ల బాకీని రద్దు చేస్తామని చెప్పి ఊరుకోకుండా, షేర్ల లావాదేవీలపై 0.5 శాతం, బాండ్లపై 0.1 శాతం పన్ను వేసి ఆ సొమ్ము రాబడతామని లెక్క చూపారు. ఇక్కడి బ్యాంకులో ఇల్లు తాకట్టు పెట్టి పిల్లలను అమెరికా పంపిన మన తల్లిదండ్రులకు ఆ మాఫీ వర్తించేది కాదు గానీ, చదువు అప్పు బరువు ఎలాంటిదో వారికి వేరే చెప్పనక్కరలేదు.

2009 నుంచి గంటకు 7.25 డాలర్ల దగ్గరే ఆగిపోయిన ఫెడరల్ కనీస వేతనాన్ని 15 డాలర్లు చేయాలన్న డిమాండూ అంతే స్పష్టంగా ఉంది. అందరికీ ప్రభుత్వ ఆరోగ్య బీమా విషయంలో మాత్రం, నిధులకు పలు మార్గాలు సూచించినా, తన ఇంటి ఖర్చు ఎంత తగ్గుతుందో, పన్ను ఎంత పెరుగుతుందో సామాన్య ఓటరు ఒక్క చూపులో తెలుసుకునేలా రాయలేకపోయారు.