పాప చేతికి బొత్తం ఇడ్లీ: రెండు నెలలు వాడిన రేకుల గురించి

తొమ్మిదో నెల తట్టు టీకాకు వెళ్ళినప్పుడు, మా అమ్మాయికి ఇంకా మెత్తగా మెదిపిన అన్నం, చోడి జావ మాత్రమే పెడుతున్నానని చెబితే, పలుకులూ ముక్కలూ ఉన్న తిండిని పదో నెల దాటేదాకా వాయిదా వేస్తే తర్వాత అలవాటు చేయడం కష్టం కావచ్చని పిల్లల డాక్టరు గారు హెచ్చరించారు. ఆ వారమే పూర్ణా మార్కెట్‌లోని ఒక స్టీలు సామాన్ల దుకాణంలో బొత్తం ఇడ్లీల రేకులు 420 రూపాయలకు కొన్నాను.

రేకులు మూడు, ఒక్కొక్కదానికి 12 గుంటలు. ఇడ్లీలు ఏడెనిమిది నిమిషాల్లో ఉడికి, రెండు వేళ్ళ మధ్య నొక్కితే నలిగేంత మెత్తగా వస్తాయి. చిన్నవే కదా అని గుండ్రంగా ఉన్నవాటిని అలాగే ఇవ్వకూడదు, గొంతుకు అడ్డం పడవచ్చు. నేను ఒక్కోదాన్ని నిలువుగా నాలుగు పాయలు చేసి పళ్ళెంలో పెడతాను. మొదటి మూడు రోజులు పాప వాటిని పిసికి గౌనుకు పూసుకుంది. నాలుగో రోజు చూపుడువేలూ బొటనవేలూ కలిపి ఒక ముక్కను పట్టుకొని, దానికేసి చాలాసేపు చూసి, నోట్లో పెట్టుకొని చిగుళ్ళతోనే నమిలింది. మధ్యలో ఓకరించగానే నేను కంగారుపడి నోట్లో వేలు పెట్టబోతే మా అత్తగారు ఆపారు. ఓకరింత బిడ్డ తనను తాను కాపాడుకోవడమేననీ, గొంతు పెగలక ఊపిరాడనప్పుడే ప్రమాదమనీ డాక్టరు గారు చెప్పిన మాట ఆవిడకు గుర్తుంది. ముక్క దానంతటదే బయటికి వచ్చింది. ఆ పూట పాప మరో రెండు ముక్కలు తింది.

ఏడాది నిండేదాకా ఉప్పు, పంచదార, తేనె వద్దన్నారు కాబట్టి పాప వాటా పిండిని ఉప్పు కలపకముందే వేరుగా తీసి పెడతాను. విశాఖ ఉక్కపోతకు పిండి త్వరగా పులుస్తుంది, పులిసిన ఇడ్లీని పాప నాలుకతో నెట్టేస్తుంది. అందుకే ఏ రోజు పిండి ఆ రోజే రుబ్బుతున్నాను. రైతు బజారులో తెచ్చిన చిలగడదుంప, ఆనపకాయలను వేలెడు ముక్కలుగా కోసి ఈ రేకుల మీదే పరిచి ఉడికిస్తున్నాను.

లోపాలూ ఉన్నాయి. ఒక రేకు అంచు సానపట్టక నా వేలు గీరుకుంది. దుకాణంలో మార్చి ఇవ్వమంటే ఒప్పుకోలేదు. ఆవిరి రంధ్రాల్లో పిండి ఎండితే తీయడానికి పాత బ్రష్షుతో పావుగంట పడుతుంది. అయినా నేను మళ్ళీ ఇవే కొంటాను, కాకపోతే ఈసారి ప్రతి రేకు అంచునూ అక్కడే తడిమి చూసి డబ్బు ఇస్తాను.