వంగిన మినియేచర్లకు కరెంటు కెటిల్: అనంతపురం ఎండల్లో ఎంతవరకు పనికొస్తుంది?

ఇది టీ కాచుకోవడానికి కెటిల్ కొనేవాళ్ల కోసం రాసిన రివ్యూ కాదు. బోర్డు గేముల డబ్బాల్లో 28, 32 మిల్లీమీటర్ల ప్లాస్టిక్ బొమ్మలు వస్తాయి కదా, డబ్బా తెరిచేసరికి ఈటె కొడవలిలా వంగి, కాళ్లు ఒక పక్కకి ఒరిగి ఉంటాయి. వాటిని సరిచేసే పనికి మాత్రమే ఇక్కడ కెటిల్‌కి మార్కులు. చూసిన రకాలు రెండు: ఒకటిన్నర లీటర్ల, 1500 వాట్ల మామూలు స్టీల్ కెటిల్, ఇది వెయ్యి రూపాయల లోపే వస్తుంది, డిగ్రీలు సెట్ చేసుకునే కెటిల్, దీని ధర రెండు వేలు దాటుతుంది.

బోర్డు గేముల బొమ్మలకు మామూలుదే చాలు. అవి ఎక్కువగా మెత్తటి పీవీసీవి. మరిగే నీళ్లకు కాస్త అటూఇటూ వేడి తగిలితే లొంగుతాయి. అర లీటరు నీళ్లు రెండు నిమిషాలకు మరుగుతాయి, అంతకన్నా ఎక్కువ పోయాల్సిన పనే లేదు. బొమ్మని కెటిల్‌లో వేయకూడదు, అడుగున కాయిల్ వేడికి కాళ్లు అతుక్కుపోతాయి. నీళ్లు వేరే గిన్నెలో పోయాలి. స్టీలు గిన్నె అయితే చూస్తుండగానే చల్లారిపోతుంది. పాత హాట్ బాక్స్ ఒకటి ఈ పనికే పక్కన పెట్టుకుంటే పది బొమ్మల దాకా ఒకే వాయిలో అయిపోతాయి.

సన్నటి ఈటెకు, కత్తికి పది పదిహేను సెకన్లు చాలు. చీలమండల దగ్గర ఒరిగిన బొమ్మకు అర నిమిషం నుంచి నిమిషం పడుతుంది. దాన్ని తలకిందులుగా కాకుండా కాళ్ల వరకే ముంచితే ముఖం, చేతులు చెక్కుచెదరవు. తీయడానికి చిల్లుల గరిటె, పట్టుకోవడానికి పలచటి రబ్బరు గ్లౌజులు. మెత్తబడగానే నిటారుగా చేసి, ఇంకొంచెం అవతలి పక్కకి వంచి, వేలు వదలకుండా అలాగే చల్లటి నీళ్లలో ముంచాలి. ఇరవై ముప్పై సెకన్లు. చాలామంది పని చెడగొట్టుకునేది ఇక్కడే: గాలికి ఆరనిద్దాంలే అని వదిలేస్తారు, అది మెల్లగా పాత వంపుకే పోతుంది.

ఎందుకు పోతుందంటే, పీవీసీకి తాను మొదట గట్టిపడిన ఆకారం గుర్తుంటుంది. ప్యాకింగులో నలిగి వంగిన బొమ్మ అయితే ఆ గుర్తు మన పక్షానే ఉంటుంది, వేడి నీళ్లలో వేయగానే సగం దానంతటదే లేచి నిలబడుతుంది. కానీ ఫ్యాక్టరీలో అచ్చులోంచి ఇంకా వేడిగా ఉండగానే లాగేసినప్పుడు వంగిన బొమ్మకు ఆ వంకరే సొంత ఆకారం. దాన్ని వేడి చేసినప్పుడల్లా అటే లాగుతుంది. ఈ రెండో రకానికి చల్లనీళ్లే దిక్కు.

మన దగ్గర అసలు చిక్కు కూడా ఆ చల్లనీళ్లతోనే. ఏప్రిల్, మే నెలల్లో అనంతపురంలో గానీ కర్నూలులో గానీ మధ్యాహ్నం మిద్దె మీది ట్యాంకు నుంచి కొళాయిలో వచ్చే నీళ్లలో చెయ్యి పెట్టలేం. ఆ నీళ్లలో ముంచితే బొమ్మ పైకి గట్టిపడినట్టు కనిపిస్తుంది, లోపల మెత్తగానే ఉంటుంది. పొద్దుటికి ఈటె మళ్లీ వాలిపోతుంది. ఫ్రిజ్‌లోంచి ఒక ట్రే ఐసు తెచ్చి లీటరు నీళ్లలో వేసుకోండి. ఐసు లేకపోతే కుండ నీళ్లు కూడా పరవాలేదు, కాకపోతే నిమిషం పైనే పట్టుకోవాలి. కెటిల్ మీద పెట్టే శ్రద్ధలో సగం ఈ గిన్నె మీద పెడితే ఫలితం తేడా తెలుస్తుంది.

నీళ్ల సంగతి ఇంకొకటుంది. మన బోర్లలో ఉప్పు నీళ్లు. నాలుగు వాయిలకే కెటిల్ అడుగున తెల్లటి గార కడుతుంది, అదే గార బొమ్మ మీద ఆరి మచ్చలుగా మిగిలి ప్రైమర్ (రంగుకు ముందు వేసే తొలి పూత) కింద గరుకుగా తేలుతుంది. ప్లాంటు నుంచి తెచ్చే ఇరవై లీటర్ల క్యాను నీళ్లే వాడాలి. అయినా సరిచేశాక బొమ్మను గిన్నెలు తోమే సబ్బుతో, పాత పళ్ల బ్రష్‌తో ఒకసారి రుద్దండి. అచ్చు నుంచి ఊడిరావడానికి ఫ్యాక్టరీలో పూసే జిడ్డు కూడా పోతుంది.

డిగ్రీల కెటిల్ ఎవరికి? 3డీ ప్రింటర్ మీద తీసిన రెజిన్ (ద్రవంగా ఉండి వెలుతురుకి గట్టిపడే ప్లాస్టిక్) బొమ్మలున్నవాళ్లకి. మామూలు రెజిన్ అరవై డిగ్రీల అటూఇటూలోనే మెత్తబడుతుంది, దానికి మరిగే నీళ్లు ఎక్కువ. చల్లారాక పెళుసు కాబట్టి వేడిగా ఉన్నప్పుడే వంచాలి, చల్లగా ఉన్నప్పుడు వంచితే టక్కున విరుగుతుంది. పీఎల్ఏ అనే ప్లాస్టిక్ తీగతో తీసిన ప్రింట్లు కూడా దాదాపు అరవై దగ్గరే లొంగుతాయి, వాటిని మరిగే నీళ్లలో వేస్తే మొత్తం బొమ్మే కుంగిపోతుంది. ఎండలో ఆపిన కారులో పీఎల్ఏ బొమ్మ వంకరపోయేది ఇందుకే. ఈ రెండూ ఇంట్లో లేకపోతే ఆ అదనపు వెయ్యి దండగ.

ఫ్రేముల్లోంచి కోసి అంటించుకునే గట్టి పాలిస్టైరిన్ కిట్లకు ఏ కెటిలూ పనికిరాదు. ఆ ప్లాస్టిక్ వంద డిగ్రీల దగ్గరకి వస్తే తప్ప కదలదు, నీళ్లు గిన్నెలో పడేసరికే దానికంటే కిందికి దిగిపోతాయి. బలవంతంగా వంచితే వంచిన చోట తెల్లగా గీత పడి విరుగుతుంది. కొలువులో పెట్టే కొండపల్లి బొమ్మలను కూడా ఎవరైనా ముంచుతారేమోనని ఒక మాట: అవి పొణికి చెక్కవి, రంగు ఊడిపోతుంది.

హెయిర్ డ్రయర్ ఒక పక్కనే వేడెక్కిస్తుంది, రంగులేసిన బొమ్మకు ఇంకో దారి లేనప్పుడు మాత్రమే. హార్డ్‌వేర్ కొట్లలో అమ్మే మామూలు హీట్ గన్ జోలికి పోవద్దు. తక్కువ స్పీడులోనే మూడు వందల డిగ్రీలు దాటిపోయే గాలి అది. ముక్కు, వేళ్లు కరిగిపోయాక బాధపడి లాభం లేదు. పైగా పీవీసీ మాడితే వచ్చే పొగ గొంతుకు, ఊపిరితిత్తులకు చేటు. రంగు, జిగురు రెండూ వేడి నీళ్లకు ఓర్చుకోవు. ఇన్‌స్టంట్ గ్లూతో అంటించిన చేతులు ఊడతాయి, వంచిన చోట రంగు పగులుతుంది. అందుకే ఈ పనంతా ప్రైమర్‌కి ముందే.

వంకరపోయిన బేసుకు (బొమ్మ నిలబడే కింది పలకకు) మాత్రం మన జిల్లాల్లో దొరికేంత మంచి సాధనం ఇంకెక్కడా దొరకదు: నునుపు చేసిన కడప బండ. వంటింట్లో అల్మారా అరగా వేసిన బండైనా సరే. బేసు వరకే నిమిషం వేడి నీళ్లలో ఉంచి, తీసి బండ మీద పెట్టి, పైన చిన్న గాజు ముక్కో మందపాటి పుస్తకమో అదిమి, పూర్తిగా చల్లారేదాకా కదపకూడదు.

మూడుసార్లు సరిచేసినా వాలే సన్నటి ఈటె మీద ఇంకా నీళ్లు పోయడం వృథా. దాన్ని కోసేసి, పిడికిలిలో సన్నటి రంధ్రం చేసి 0.8 మిల్లీమీటర్ల ఇత్తడి తీగ దించండి.

కొనేటప్పుడు ప్లగ్గు చూసుకోండి. 1500 వాట్లంటే ఆరున్నర ఆంపియర్లు, ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద కాకుండా గోడకున్న 16 ఆంపియర్ల సాకెట్‌లోనే పెట్టాలి. మూత వెడల్పుగా, చెయ్యి దూరేలా ఉన్నది తీసుకోండి, గార రుద్దడానికి వీలుంటుంది. గార ఎక్కువైతే అర లీటరు నీళ్లలో చెంచాడు నిమ్మ ఉప్పు వేసి ఒకసారి మరగబెట్టి, ఇరవై నిమిషాలు వదిలేసి కడిగేస్తే సరి.